పదమూడో ఫారం

జులై 1, మంగళవారం

పొద్దున అమ్మ వీణ గవిసెన మీద దుమ్ము తుడిచింది. వీణ బయటకు తీయలేదు.

లైబ్రరీలో గోవింద్ గారు పిలిచారు. డయాలసిస్ సెంటర్లో పుస్తకాలు ఇవ్వమని పైనుంచి కాగితం వచ్చిందట. మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం ఎవరో ఒకరు వెళ్లాలి. ఆయన లైబ్రేరియన్. మిగిలింది నేనే.

"నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా మహతీ. పుస్తకం చేతిలో పెట్టి వచ్చేయడమే," అన్నారు. నా భయం అదే అనుకున్నారు.

వెళ్తానన్నాను.

జులై 3, గురువారం

ఎనిమిది కుర్చీలు. అదే ఆకుపచ్చ పరదా. అదే చలి.

టెక్నీషియన్ యుగంధర్ నన్ను చూసి ఏదో అనబోయి ఆగాడు. స్టూలు తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు.

గోవింద్ గారు పెట్టెలో సర్దిచ్చినవన్నీ భక్తి పుస్తకాలు. అయిదుగురు వద్దని తల ఊపారు. ఆరో కుర్చీలో పెద్దాయన మాత్రం నోరు విప్పాడు.

"ఏటమ్మా, మళ్లీ దేముడి పుస్తకాలేనా? సూడ్డానికొచ్చినోలందరూ ఇయ్యే తెస్తారు. నానేటి, రేపే ఎల్లిపోతన్నానేటి?"

పక్కన బెంచీ మీద ఆయన భార్య తల కొట్టుకుంది. "ఊరుకోవయ్యా. ఆ గుంట బయపడిపోతన్నాది."

"బయపడ్డమెందుకు? నాకు జరిగిపోయిన కతలొద్దు తల్లీ. జరగబోయేది ఏటైనా ఉంటే తే."

పేరు జగన్నాధం. కళింగపట్నం దగ్గర ఊరు. కాస్త వరి, కాస్త వేరుశనగ. ఇరవై రెండేళ్లు ఎత్తిపోతల పథకంలో మోటారు ఆపరేటరుగా చేశాడట. భార్య పేరు దాలమ్మ. అడక్కుండానే అన్నీ చెప్పారు.

జరగబోయేది. సైన్స్ నవలల గురించి ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

రాత్రి చీటీ రాసుకున్నాను. మా లైబ్రరీలో తెలుగు సైన్స్ నవలలు పదకొండే. చంద్రుడి మీద బడి పెట్టిన టీచరమ్మది ఒకటి. సముద్రం ఏడాదికో గజం ముందుకొస్తుంటే ఏడాదికో గజం వెనక్కి జరిగే ఊరిది ఒకటి. మనుషుల కలలు కొలిచే గుమాస్తాది ఒకటి. అది నాకిష్టం, కానీ ఆసుపత్రిలో ఇవ్వకూడదు. చీటీలో అన్నిటికన్నా పైన రాసింది 'ఏడో జలాశయం'. రచయిత పేరున్న పేజీ ఎప్పుడో ఊడిపోయింది.

నేను చదివిన పుస్తకమే. దాదాపు.

జులై 5, శనివారం

సముద్రం ముందుకొచ్చే ఊరి కథ తీసుకెళ్లాను. జగన్నాధం గారి ఎడమ చేతికి సూదులు, గొట్టాలు. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. పుస్తకం పట్టుకోవడానికి మిగిలింది కుడి చెయ్యి ఒకటే. బొటనవేలు తీస్తే పుస్తకం మూసుకుపోతోంది. రెండుసార్లు కింద పడింది. మూడోసారి తీసి ఇస్తుంటే వద్దన్నాడు.

"నీ తప్పు కాదులే. ఒంటిచేత్తో సదివేలాగ పుస్తకాలు ఎవుడు సేస్తాడు?"

నాకు తెలియాలి. ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి.

జులై 6, ఆదివారం

ఆదివారం కాబట్టి గుడికొచ్చే ఆటోలు మా వీధి దాకా నిలిచిపోయాయి. అరసవల్లిలో ఆదివారం రోడ్డు దాటడం కష్టం. దాటి, బైండింగ్ చేసే అప్పలనరసింహం గారి దగ్గరికి వెళ్లాను. బస్ కాంప్లెక్స్ పక్కన చిన్న కొట్టు. మా లైబ్రరీ పాత పుస్తకాలన్నీ ఆయనే కుడతారు. 'ఏడో జలాశయం' నెల నుంచి అక్కడే ఉంది, కుట్లు విప్పేసి.

పుస్తకమంటే పదహారేసి పేజీల కట్టలు. వాటిని ఆయన ఫారాలంటారు. కుట్టకముందు పదమూడు ఫారాలు పదమూడు పల్చటి పుస్తకాల్లా ఉన్నాయి. ఒకటి తీసి ఒక్క చేత్తో పట్టుకుని చూశాను. నిలబడింది.

"కుట్టకుండా ఇవ్వండి," అన్నాను.

"ఇప్పేసిన పుస్తకం అట్టుకెళ్తారేటమ్మా ఎవరైనా?"

"నెలయ్యాక తెస్తాను."

"ఒక్క ఫారం పోయినా పుస్తకం సచ్చిపోయినట్టే. జాగర్త."

గోవింద్ గారికి చెప్పలేదు.

అమ్మ అడిగింది, గురువారం, శనివారం మధ్యాహ్నాలు ఎక్కడికి వెళ్లావని. పని మీద అన్నాను.

జులై 8, మంగళవారం

జగన్నాధం గారికి మొదటి ఫారం ఇచ్చాను. కథ చెప్పొద్దన్నాడు, బాగుంటుందా అని మాత్రం అడిగాడు.

"బాగుంటుంది. చివర ఇంకా బాగుంటుంది."

ఎందుకలా అన్నానో తెలియదు.

జులై 12, శనివారం

మూడో ఫారం.

నక్షత్రం దాకా రెండు వందల ఏళ్లు వెళ్లే ఓడ. ఓడలో ఏడు జలాశయాలు. ఆరు వాడుకుంటారు. ఏడోది తాళం వేసి ఉంటుంది, చివరి అవసరానికి. తాళంచెవి మెళ్లో వేసుకున్న పిల్ల, రోజూ సాయంత్రం అందరికీ నీళ్లు కొలిచి పోస్తుంది. మనిషికి రెండు గ్లాసులు.

"రోజుకి రెండు గ్లాసులా? మారాజులు!" అన్నాడు జగన్నాధం గారు. ఆయనకు డాక్టరు రాసిచ్చిన నీళ్ల కొలత అంతకన్నా కాస్త ఎక్కువే, కానీ దాలమ్మ గారు సగమే ఇస్తుందట. "మా ఇంట్లో కూడా తాళంసెవి ఒకామె మెళ్లోనే ఉన్నాది."

దాలమ్మ గారు కొంగుతో కొట్టింది. యుగంధర్ మిషన్ వెనక నుంచి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ గదిలో నవ్వానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

జులై 15, మంగళవారం

నాలుగు. తొమ్మిది మిగిలాయి.

జులై 17, గురువారం

తిరిగొస్తుంటే దాలమ్మ గారు మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మీ, నీకో మాట సెప్పాల. ఆయన గత నెల్లోనే మానేస్తానన్నాడు. వారానికి మూడు తడవలు బస్సులో రాలేనన్నాడు. ఈ సూదులొద్దు, ఉన్నన్నాళ్లు ఉంటానన్నాడు. ఎంత మొత్తుకున్నా ఇన్లేదు."

లోపలికి ఓసారి తొంగిచూసి గొంతు తగ్గించింది.

"ఇప్పుడేటంటన్నాడో తెలుసా? ఆ ఓడ ఏటౌతాదో సూసినాక మానేస్తాడంట. అంచేత నువ్వు బేగి ఇచ్చీకు తల్లీ. నెమ్మదిగా ఇయ్యి."

అయిదు ఇచ్చేశాను. ఎనిమిది ఉన్నాయి. ఎనిమిది అంటే ఆగస్టు అయిదో తారీఖు.

మానేస్తే ఎన్ని రోజులో నాకెవరూ చెప్పక్కర్లేదు.

జులై 18, శుక్రవారం

నిద్ర లేదు. చీటీ మళ్లీ రాశాను. ఓడ అయిపోయే లోపల తర్వాతిది ఒప్పించాలి. బడి టీచరమ్మ కథ పల్చన, తొమ్మిది ఫారాలే. సముద్రం ఊరు పద్నాలుగు, కానీ కుట్లు గట్టివి. కలల గుమాస్తా వద్దు. కుమ్మరి పురుగులు ఊరిని ఏలే కథ పదిహేను. అది ఆయనకు నచ్చదేమో. నచ్చుతుందేమో.

మొత్తం అన్నీ కలిపితే ఫారాలు నూట ముప్పై ఎనిమిది. వారానికి మూడు చొప్పున దాదాపు పదకొండు నెలలు.

ఆ తర్వాత ఏమిటన్నది ఇప్పుడే ఆలోచించకూడదు.

జులై 22, మంగళవారం

ఏడో ఫారం. చీటీలోంచి ఒకటి చెప్పబోయాను. చెయ్యి ఊపాడు. "ఒకటి పొయ్యి మీదుండగా ఇంకో దానికి ఎసరెట్టకు."

జులై 24, గురువారం

ఫారం మార్చుకుంటూ, "నూరో పేజీలో సూసినావా?" అన్నాడు. "ఆ గుంట ఏడో దాని తలుపు తట్టినాది. 'ఖంగుమన్నాది' అని రాసినాడు. ఖంగుమంటే ఏటో తెలుసా?"

తెలియదన్నాను.

నన్ను కాసేపు చూసి, "పోన్లే," అన్నాడు.

జులై 26, శనివారం

తొమ్మిది. నాలుగు మిగిలాయి. పదమూడోది వేరే కవరులో పెట్టాను. నలిగిపోతుందని.

జులై 29, మంగళవారం

చివర బాగుంటుందా అని మళ్లీ అడిగాడు. ఉంటుందన్నాను.

ఓడలో ఆరో జలాశయం అడుగంటింది.

జులై 31, గురువారం

వాన. ఊళ్లో వరి ఊడ్పులట, కూలీలు దొరకడం లేదట. ఆయన బస్సులో నిలబడి వచ్చాడు. దాలమ్మ గారు రాలేదు, పొలంలో ఉంది. ఆయన బరువు చూసుకుంటుంటే నేను మొహం తిప్పుకున్నాను. యుగంధర్ అంకె గట్టిగా చదివాడు, రాసుకోవడానికి. మూడు కేజీలు ఎక్కువ, అంతా ఒంట్లో నిలిచిన నీరే.

పదకొండో ఫారం ఇచ్చాను.

ఆగస్టు 2, శనివారం

పన్నెండోది నూట తొంభై రెండో పేజీతో ఆగిపోతుంది. పిల్ల తాళంచెవి తిప్పుతుంది. తలుపు ఇంకా తెరవలేదు.

జగన్నాధం గారు నా ముందే పూర్తిచేశాడు. "మంగళారానికి తేలిపోతాది," అన్నాడు. హాయిగా అన్నాడు.

ఆగస్టు 4, సోమవారం

కవరు తీశాను. మళ్లీ పెట్టేశాను.

ఆగస్టు 5, మంగళవారం

పదమూడో ఫారం అప్పలనరసింహం గారి దగ్గర ఉండిపోయిందని చెప్పాను. వెతుకుతున్నారని చెప్పాను. వెతుకుతున్నారని ఎందుకు కలిపానో. బడి టీచరమ్మ కథ కుట్లు నేనే విప్పి, మొదటి ఫారం చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తెరవలేదు. నాలుగు గంటలూ పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

ఇందులో తప్పేముంది? ఒక వారం. ఒక్క వారం ఆపాను.

ఆగస్టు 7, గురువారం

ఆరో కుర్చీ ఖాళీ.

అయిదింటిదాకా ఉన్నాను. దాలమ్మ గారి నంబరు యుగంధర్ ఇచ్చాడు. నాకు ఫోనులో మాట్లాడటం రాదు. మాట్లాడాను.

"మంగళారం తిరుగు బస్సెక్కే ముందర ఆ బైండింగు కొట్టుకెళ్లినాడమ్మా. పదమూడోది నేదా అనడిగితే, అన్నీ ఆ పాపకే ఇచ్చేసినాను కదా అన్నాడంట ఆయన. అప్పట్నుంచీ మొండికేసినాడు. 'పుస్తకాల పిల్లే అబద్దమాడితే ఇంకెవుడి మాట నమ్మాల? సూదులు గుచ్చితే బతుకుతావన్న మాట మాత్రం నిజమేటి?' అంటన్నాడు."

ఫోను పెట్టేశాను.

యుగంధర్ చెప్పాడు. రేపు మధ్యాహ్నం రెండింటికి ఒక కుర్చీ ఖాళీ చేసి ఉంచుతాడట. "శనివారం దాకా ఆగకండి," అన్నాడు. "మీకు తెలుసు కదా."

ఆగస్టు 8, శుక్రవారం

ఈరోజు వరలక్ష్మీ వ్రతం. వీధి నిండా పట్టుచీరలు. మా ఇంట్లో లేదు.

గోవింద్ గారికి సెలవు చెప్పి, కాంప్లెక్స్‌లో కళింగపట్నం బస్సెక్కాను. కవరు ఒళ్లో పెట్టుకున్నాను. సముద్రం వాసన వచ్చేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను.

జగన్నాధం గారు అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాదాలు ఉబ్బి, వేళ్లు కనిపించడం లేదు. "రాత్రంతా కూకునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదంట," అంది దాలమ్మ గారు. చేతుల నిండా మట్టి. పొలానికి వెళ్లి మధ్యలో వచ్చేసిందట.

ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఏటి? దొరికినాదా?"

"నా దగ్గరే ఉంది. మొదట్నుంచీ నా దగ్గరే ఉంది."

"మరెందుకలగ సెప్పినావు?"

"అది చదివేస్తే మీరు మానేస్తారని."

"ఇవ్వకపోతే వస్తాననుకున్నావేటి?" ఊపిరి కోసం ఆగాడు. "నువ్వు సదివినావా అది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "లేదు."

"సదవకుండానే బాగుంటాదన్నావా!"

దాలమ్మ గారు నవ్వబోయి ఆపుకుంది. ఆయన చెయ్యి చాపాడు. "ఇలా తే."

కవరు వెనక్కి తీసుకున్నాను. ఇంత మాట ఎవరితోనూ అనలేదు నేను. "ఆటో ఎక్కండి. ఎక్కితే చదువుతాను. దిగేలోపు అయిపోతుంది."

"సూడే, బేరమాడతన్నాది."

"ఆడనీ. ఎవుడో ఒకడు నీతో బేరమాడాల," అంది దాలమ్మ గారు. అప్పటికే ఆటో కోసం ఎవరినో కేకేస్తోంది.

ఆటోలో ఆయన మధ్యలో, మేమిద్దరం చెరోపక్క. వాన. పక్కన పరదా కొట్టుకుంటోంది. నూట తొంభై మూడో పేజీ తీసి మొదలుపెట్టాను.

"ఇనపడ్డం నేదు," అన్నాడు.

కాన్వెంటులో సిస్టర్ రోజూ అనేది, మహతీ, చివరి బెంచీకి వినిపించాలి. పదేళ్లు అంది. నాకెప్పుడూ రాలేదు. ఈరోజు ఇంజను మీద, వాన మీద అరిచాను. గొంతు పగిలింది. అయినా అరిచాను.

తలుపు తెరుచుకుంది. ఏడో జలాశయం ఖాళీ. అడుగున తడి కూడా లేదు. బయల్దేరిన రోజే నింపలేదు. తాళంచెవి మెళ్లో వేసుకున్న ప్రతి మనిషికీ ఆ సంగతి తెలుసు.

ఆగిపోయాను. ఇందుకే, ఇందుకే నేను దాచింది.

"సదువు," అన్నాడు.

మిగిలింది రెండు పేజీలు. పిల్ల తలుపు మూయదు. తాళం వేయదు. బార్లా తెరిచి ఉంచేస్తుంది, అందరూ చూసేలా. సాయంత్రమవుతుంది. ఎప్పటిలాగే గ్లాసులు వరసగా పేర్చి, ఉన్న నీళ్లు కొలవడం మొదలుపెడుతుంది. కథ అంతే.

ఆటో డ్రైవరు వెనక్కి తిరిగాడు. "అయితే నీళ్లు నేవా? ఇదేటి కతండీ బాబూ!"

"నువ్వు రోడ్డు సూడరా," అన్నాడు జగన్నాధం గారు. నా వైపు తిరిగాడు. "నాకు తెలుసు."

"ఏది?"

"ఖాళీ అని. నీళ్లున్న ట్యాంకు తడితే దబ్బుమంటాది. ఖంగుమన్నాదంటే ఖాళీయే. ఇరవై రెండేళ్లు తట్టినాను. నూరో పేజీలోనే సెప్పేసినాడు గదా ఆయన. నిన్నడిగినాను కూడాను."

"తెలిసీ ఎందుకు చదివారు మరి?"

"ఖాళీ అని తెలిసినాక ఆ గుంట ఏటి సేస్తాదో సూద్దారని."

నేను రెండు వారాల నుంచి దాచిన కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నుంచి దాచడానికి అందులో ఏమీ లేదు.

సెంటర్ ముందు దిగేసరికి రెండూ పది. నాలుగు కేజీల ఆరు వందలు ఎక్కువ. యుగంధర్ ఏమీ అనకుండా సూదులు తీశాడు. జగన్నాధం గారు ఎడమ చెయ్యి చాపి, కుడి చెయ్యి నా వైపు చాపాడు.

"ఇంకోటి తెచ్చినావా, ఖాళీగా వచ్చినావా?"

బ్యాగులో టీచరమ్మ ఉంది.

"ఇది సదివినావా?"

"చదివాను. చివరిదాకా."

"అయితే బాగుంటాదో నేదో సెప్పు."

"మధ్యలో కాస్త సాగుతుంది," అన్నాను.

తల ఊపాడు. "అదీ మాట."

మానేయనని అనలేదు. వస్తాననీ అనలేదు. రేపు శనివారం.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఎక్కడికి వెళ్తున్నానో, ఎన్ని రోజుల నుంచో, ఆటోలో ఏం చదివానో. అమ్మ వీణ గవిసెన అంచు మడతపెడుతూ కూర్చుంది.

"గట్టిగా చదివావా?" అంది చివరికి.

ఆగస్టు 9, శనివారం

వచ్చాడు. నిన్ననే చేశారు కదా, ఈరోజు రెండు గంటలే అన్నాడు యుగంధర్. రెండు గంటల్లో అరవై పేజీలు చదివాడు. ఒక్కో ఫారం ఇవ్వడం మానేశాను. తొమ్మిదీ దిండు పక్కన పెట్టేశాను.

"సెందురుడి మీద బడేటి, నాన్సెన్సు," అన్నాడు. "మంగళారం దాకా ఇక్కడే ఉంచు. ఎవుడైనా ఎత్తుకుపోతాడు, యుగంధర్‌కి సెప్పు."

మంగళవారం దాకా.

సాయంత్రం 'ఏడో జలాశయం' కుట్టడానికి ఇచ్చేశాను. అప్పలనరసింహం గారు పదమూడూ లెక్కపెట్టుకున్నారు. చివరి ఫారం మాత్రం కొత్తగా ఉందేమిటన్నారు. పన్నెండు ఫారాల అంచులూ నల్లబడ్డాయి, అదొక్కటే తెల్లగా ఉంది.

ఆ పుస్తకం నేను పోయినేడు మొదలుపెట్టాను. నాన్న అదే సెంటర్‌కి పదకొండుసార్లు వెళ్లాడు. పన్నెండోసారి వెళ్లనని ఆయన చెప్పిన పొద్దున నేను ఇంట్లో ఆయన గదిలోనే ఉన్నాను. తల ఎత్తలేదు. నూట తొంభై రెండో పేజీలో ఉన్నాను.